కుక్కపిల్ల రాకముందు అత్తగారితో మాట్లాడండి

ప్రశ్న: మాది కడప. మా వారు, నేను ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. బాబుకు 11 ఏళ్లు, పాపకు 6 ఏళ్లు. అత్తగారు, మామగారు మాతోనే ఉంటారు. కుక్కపిల్ల కావాలని పిల్లలు రెండేళ్లుగా పోరుతున్నారు. ఈ వేసవి సెలవుల్లో లాబ్రడార్ పిల్లను తెస్తామని మాట ఇచ్చాం, బయానా కూడా ఇచ్చాం. 35 రోజులకే ఇచ్చేస్తానని అమ్మే ఆయన అంటున్నాడు. మాది కడప బండలు పరిచిన పాత మిద్దె ఇల్లు. ముందు కాస్త ఖాళీ స్థలం, గేటు పక్కన నీళ్ల సంపు ఉన్నాయి. అత్తగారికి మడి ఎక్కువ. ‘నా వంటింట్లోకి, దేవుడి గదిలోకి రానివ్వను’ అని ఒకటే మాట. ఆమెను ఎలా ఒప్పించాలి? ఇంటిని ఎలా సిద్ధం చేయాలి? ఏమేమి కొనాలి?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: మీరు కొనాల్సిన సామాన్ల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది, చివర్లో చెబుతాను. ఇల్లు సర్దడం ఒక ఆదివారం పని. అసలు పనంతా మీ మొదటి ప్రశ్నలో ఉంది. దాన్ని మీరు తలకిందులుగా అడిగారు.

అత్తగారి మాట మళ్లీ ఒకసారి చూడండి. కుక్కను తేవద్దని ఆమె అనలేదు. వంటింట్లోకి, దేవుడి గదిలోకి రానివ్వనన్నారు. నన్నడిగితే, రాబోయే కుక్కపిల్ల గురించి మీ ఇంట్లో ఇంతవరకు పనికొచ్చే మాట చెప్పింది ఆవిడ ఒక్కరే. వంటింట్లో మరిగే నూనె ఉంటుంది, నేల మీద కత్తిపీట ఉంటుంది, మూలన ఉల్లిపాయల బుట్ట ఉంటుంది. దేవుడి గదిలో వెలిగే దీపం, అందుబాటులో అగ్గిపెట్టె, కర్పూరం ఉంటాయి. కర్పూరం కుక్కలకు విషం. రెండు నెలల పిల్ల తిరగకూడని చోట్లు ఏవని తెలిసినవాళ్లను అడిగితే ఈ రెండు గదులనే ముందు చెబుతారు. కాబట్టి ఆమెతో వాదించకండి. వడ్రంగిని పిలిచి ఆ రెండు గుమ్మాలకు రెండున్నర అడుగుల ఎత్తున చెక్క అడ్డాలు పెట్టించండి. ఒకవైపు బందులు, లోపలివైపు గడియ ఉంటే చాలు. అది ఆవిడ కళ్లముందే, ఆవిడ చెప్పిన కొలతతోనే జరగాలి.

ఇక గడియారం చూడండి. తొమ్మిదింటికి మీరిద్దరూ వెళ్లిపోతారు. పిల్లలు బడికి వెళ్తారు. రెండు నెలల కుక్కపిల్ల రెండు, మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. రోజుకు మూడు, నాలుగు సార్లు తినాలి. నిద్ర లేచిన ప్రతిసారీ, తిన్న ప్రతిసారీ, ఆడిన ప్రతిసారీ బయటికి తీసుకెళ్లాలి. మధ్యాహ్నం పన్నెండుకు ఈ పనులు చేసేదెవరు? తెచ్చేది మీరు, పెంచేది మీ అత్తమామలిద్దరూ. ఈ లెక్క అత్తగారికి మీకంటే ముందే అర్థమైంది కాబట్టే ఆమె గీత గీసి కూర్చున్నారు.

అందుకని ఒప్పించాలన్న ఆలోచన వదిలేసి, అడగడం మొదలుపెట్టండి. ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని, ‘అత్తమ్మా, పగటిపూట మీరు ఏం చేయగలరు, ఏం చేయలేరు?’ అని అడగండి. ‘నేను తాకను, గిన్నెలో తిండి మాత్రం వేస్తాను’ అంటే అది చాలా పెద్ద సాయం, సంతోషంగా ఒప్పుకోండి. ఆవిడ తలస్నానం చేసి పూజ ముగించేదాకా కుక్కపిల్ల ముందు గదిలోనే ఉంటుందని మాట ఇవ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. దండేన్ని ఒక అడుగు పైకి కట్టించండి. మడిబట్ట కొస కిందికి వేలాడిందంటే కుక్కపిల్ల లాగి తీరుతుంది. దానికి మడి తెలియదు, వేలాడే గుడ్డ మాత్రం తెలుసు. శుభ్రం చేసే పని ఆమె మీద పడదని ముందే తేల్చండి. ఉదయం మీ వారు, సాయంత్రం బాబు, మధ్యాహ్నం మామగారికి ఓపిక ఉంటే ఆయన. ఆయన ఓపికనూ ఆయన్నే అడగండి, మీరు ఊహించకండి.

వాళ్లిద్దరూ తమ వల్ల కాదంటే ఈ ఏడాది తేకండి. పిల్లలకు ఇచ్చిన మాట పోతుందని బాధ పడవద్దు. మనిషి తోడు లేని కుక్కను చివరికి గేటుకు కట్టేస్తారు. అది రోజంతా అరుస్తుంది, వీధంతా మిమ్మల్ని తిడుతుంది. కుక్కను పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

సరే, వాళ్లు ఒప్పుకున్నారనే అనుకుందాం. వేసవి సెలవుల్లో తేవడం మాత్రం మానుకోండి. కడప మే నెల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? 42, 43 డిగ్రీల ఎండలో మిద్దె ఇల్లు రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంది. చిన్న కుక్కపిల్లకు ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తి ఇంకా కుదురుకోదు. అదొక్కటే కాదు. సెలవుల్లో నలభై రోజులు పిల్లలు దాన్ని ఒళ్లోంచి దింపరు. జూన్ రెండో వారంలో బడులు తెరిచిన రోజు ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. మనుషులందరూ ఏమైపోయారో దానికి తెలియదు. చెప్పులు కొరికేసింది, సోఫా చింపేసింది అని జూన్, జూలైల్లో వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదేనని నా అనుమానం. నాలుగు వానలు పడ్డాక, జూలైలో తెచ్చుకోండి. రోజువారీ బతుకు ఎలా ఉంటుందో మొదటిరోజు నుంచే చూస్తుంది, అలవాటు పడుతుంది.

బయానా ఇచ్చామంటారా? తర్వాతి ఈత పిల్లల్లో ఒకటి ఇమ్మని అడగండి. 35 రోజుల పిల్లను మాత్రం ఎవరి దగ్గరా తీసుకోకండి. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు చెబుతున్నాయి. అది ఊరికే పెట్టిన నియమం కాదు. తోబుట్టువులను కొరికి, వాటి చేత కొరికించుకుని, ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పో నేర్చుకునే వయసు అది. అక్కడ నేర్చుకోకపోతే మీ పాప చేతి మీద నేర్చుకుంటుంది. చిన్నగా ఉంటే ముద్దుగా ఉంటుందని, త్వరగా మచ్చికవుతుందని అమ్మేవాళ్లు చెప్పేది వాళ్ల ఖర్చు తగ్గించుకోవడానికి.

జాతి గురించి మీరు అడగలేదు, అయినా ఒక మాట. లాబ్రడార్ మంచి కుక్కే, పిల్లలతో బాగా కలుస్తుంది. కానీ పెరిగాక పాతిక కిలోలు దాటుతుంది, ముప్పై దాటినా ఆశ్చర్యం లేదు. అప్పుడు మామగారు తాడు పట్టుకుని వీధిలోకి వెళ్తే ఎవరు ఎవరిని తీసుకెళ్తున్నారో చూసేవాళ్లకు తెలియదు. ఒంటిమీద రెండు పొరల బొచ్చు ఉంటుంది, ఏడాది పొడుగునా రాలుతుంది. ఆ వెంట్రుక మడిబట్ట మీద కనిపించిన రోజును ఒకసారి ఊహించుకోండి. ఇంత ఎండ ఊళ్లో నాటు కుక్కపిల్లను పెంచుకోవడం తెలివైన పని అని నా అభిప్రాయం. పొట్టి బొచ్చు, తక్కువ రోగాలు, మధ్యస్థమైన ఒళ్లు. మీ వీధిలోనే ఏదో ఒక కుక్క పిల్లల్ని పెట్టి ఉంటుంది. మీ పిల్లలు ఒప్పుకుంటే చూడండి, ఒప్పుకోకపోతే బలవంతం లేదు.

ఇప్పుడు ఇల్లు. ముందు నేల సంగతి చూద్దాం. నల్లటి కడప బండలు పాలిష్ పట్టి ఉంటే కుక్కపిల్ల వెనక కాళ్లు చెరోవైపు జారిపోతాయి. చూడటానికి నవ్వొస్తుంది గానీ, ఎదిగే తుంటి కీళ్లకు అది మంచిది కాదు. ఎక్కువగా పరిగెత్తే దారిలో పాత జంపఖానాలు పరచండి. గోనెసంచులు వద్దు, నోటితో లాగి ఆ పీచు మింగుతుంది.

ఆ నేల మీద మూత్రం పోస్తుంది, పోయక తప్పదు. వాసన పూర్తిగా పోకపోతే మర్నాడు వెతుక్కుంటూ అక్కడికే వస్తుంది. దీనికి ఎవరిని అడిగినా వెనిగర్ చల్లమనో, నిమ్మరసం రాయమనో చెబుతారు. మీరు మాత్రం ఆ పని చేయకండి. కడప బండ సున్నపురాయి. పులుపు తగిలిన చోట మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది, ఇక అది పోదు. నమ్మకం లేకపోతే అత్తగారి వంటగట్టు చూడండి, చింతపండు పిసికిన చోటో నిమ్మకాయ కోసిన చోటో మచ్చ కనబడుతుంది. మీరు చేయాల్సింది ఇది: ముందు పాత గుడ్డతో పూర్తిగా అద్ది తీయండి, సబ్బునీళ్లతో కడగండి, ఆరాక వంటసోడా చల్లి గంటసేపు ఉంచి ఊడ్చేయండి. ఫినాయిల్ పోసి తుడిచే అలవాటు ఉంటే పిల్ల పెరిగేదాకా ఆపండి. తడి కాళ్లను అది నాకుతుంది. మూత్రం పోసిన చోట ముక్కు రుద్దడం, కొట్టడం పాతకాలపు మొరటు పద్ధతులు. మిమ్మల్ని చూస్తే దాక్కోవాలని తప్ప దానికి ఇంకేమీ నేర్పవు.

చాలామంది పాత వార్తాపత్రికలు పరిచి అలవాటు చేస్తారు. ముందు ఖాళీ స్థలం ఉన్న మీకు ఆ అవసరం లేదు. పైగా మామగారు పేపరు చదివి మడిచి నేల మీద పెట్టారంటే, కుక్కపిల్లకు అది ఆహ్వానపత్రికే.

సంపు ఉందని రాశారు. నన్ను భయపెట్టిన మాట అదే. మా ఇంట్లో నీళ్లు వదిలే రోజు తెల్లవారుజామున మట్టం చూడటానికి సంపు మూత పక్కకు జరిపాను. లోపల ఫోను మోగితే వెళ్లాను, రెండు నిమిషాలు కూడా కాలేదు. ఆ రెండు నిమిషాల్లో మా మూడు నెలల కుక్కపిల్ల అంచు దగ్గరికి వెళ్లి వాసన చూసి ఉంటుంది. నీళ్లలో తపుక్కుమన్న చప్పుడు విని పరిగెత్తాను. బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి పెట్టి, మెడ మీద తోలు దొరకబుచ్చుకుని లాగాను. అప్పటికి సంపు ముప్పావు వంతు నిండి ఉంది కాబట్టి చేతికి అందింది. సగమే ఉంటే అందేది కాదు. ఆ తర్వాత మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. మూత తీసిన మనిషి మళ్లీ మూత వేసేదాకా అక్కడి నుంచి కదలకూడదు. మీ ఇంట్లో ఆరేళ్ల పాప కూడా ఉంది. మూతకు గొళ్లెం, తాళం ఈ వారమే వేయించండి. కుక్కపిల్లను తెచ్చినా తేకపోయినా వేయించండి.

గేటు అడుగున సందు ఎంతుందో కొలవండి. తల పట్టే సందులో ఒళ్లు కూడా పడుతుంది, పట్టకపోతే ఇరుక్కుంటుంది. కింది అడుగున్నరకు ఇనుప జాలీ కట్టించండి. మిద్దె మెట్లకు కింద ఒక అడ్డం పెట్టించండి, మిద్దెకు పిట్టగోడ లేకపోతే పైకి అసలు వెళ్లనివ్వకండి. కూలర్ వైరు నేల మీదుగా పోతుంటే గోడకు ఎత్తి కొట్టించండి. పళ్లొచ్చే కుక్కపిల్ల, కరెంటు వైరు, కూలర్ కింద తడి ఒకచోట కలవకూడదు. బీరువా అడుగున వేసిన కలరా ఉండలు, ఎలుకల మందు, బాత్రూమ్ యాసిడ్ సీసా పై అరలోకి పోవాలి. మామగారి మాత్రల డబ్బా దిండు పక్కన ఉంటే అదీ పోవాలి. ఇంకో సంగతి, కుక్కపిల్లకు జ్వరమొచ్చిందని, కుంటుతోందని మన ఇంట్లోని నొప్పి మాత్రలు సొంతంగా వేయకండి. మనకు మామూలు మాత్ర వాటి కడుపును, మూత్రపిండాలను, కాలేయాన్ని పాడుచేయగలదు.

ఇంటి ముందు గన్నేరు ఉందా? పూజకు పూలు కోసుకునే ఇళ్లలో ఉంటుంది, అందుకే అడిగాను. అందులో ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. చెట్టు కొట్టేయమని అత్తగారితో అనకండి, మొదటికే మోసం వస్తుంది. చుట్టూ జాలీ కట్టి, రాలిన ఆకులు రోజూ ఊడ్చితే సరిపోతుంది.

తిండి విషయంలో మనవాళ్ల ప్రేమే ప్రమాదం. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. అంటే ఎర్రకారం పూసిన దోసె ముక్క, మిగిలిన ఉగ్గాణి, పులుసు కలిపిన సంగటి ముద్ద ఏవీ దాని గిన్నెలో పడకూడదు. నాటుకోడి పులుసు చేసిన రోజు ఎముకలు విసరాలని చెయ్యి లాగుతుంది. ఉడికిన ఎముక సూదుల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ద్రాక్షపండ్లు, పాయసంలో వేసే ఎండుద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్ సంగతి పిల్లలకు గట్టిగా చెప్పండి. మామిడిపండ్ల రోజుల్లో టెంకెలు చెత్తబుట్టలో వేసి మూత పెట్టండి. నాకుతూ నాకుతూ మింగేస్తే పేగుకు అడ్డం పడుతుంది, కోత పెట్టి తీయాల్సి వస్తుంది.

మరి ఏం పెట్టాలి? అమ్మినవాళ్ల దగ్గర ఏది తింటోందో అదే వారం రోజులు పెట్టండి, ఆ తర్వాత మీ తిండిని కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి. ఒక్కసారి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఆవుపాలు, గేదెపాలు చాలా కుక్కపిల్లలకు పడవు. పెరుగన్నం ఒక పూటకు పరవాలేదు గానీ, అదే తిండిగా పెడితే ఎదిగే ఒంటికి మాంసకృత్తులు చాలవు. ఉడికించిన గుడ్డు, ఉప్పూకారం లేని కోడిమాంసం కావాలి. వాటిని ఆ వంటింట్లో వండటం కుదరదంటే కుక్కపిల్లల కోసం తయారుచేసిన పొడి మేత కొనండి. మీ ఇంటికి అదే నయం.

తెచ్చిన రెండు రోజుల్లోపే పశువైద్యుడికి చూపించండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేస్తారు. పదహారు వారాలు వచ్చేదాకా మూడు, నాలుగు వారాలకోసారి మళ్లీ వేయాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. నులిపురుగుల మందు మూడు నెలలు నిండేదాకా రెండు వారాలకోసారి పడాలి. ఆ పురుగులు మీ పిల్లలకూ అంటుకుంటాయి కాబట్టి ఆడిన తర్వాత చేతులు కడగడం తప్పనిసరి. కడపలో చూపించినా తగ్గని జబ్బయితే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడికి తీసుకెళ్లవచ్చు.

టీకాలు పూర్తయ్యేదాకా వీధి నేల మీద దించకండి. పార్వో అనే వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలతో రెండు రోజుల్లో పిల్లను తీసుకెళ్లిపోతుంది. చెప్పుల మీద కూడా ఇంట్లోకి వస్తుంది. చెప్పులు గుమ్మం బయటే విడిచే మన అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది. అలాగని అన్నాళ్లూ గదిలో మూసి పెట్టకండి. లోకం చూసి బెదరకుండా ఉండటం నేర్చుకునేది ఈ వయసులోనే. మామగారో బాబో చంకనెత్తుకుని సాయంత్రం వీధి చివరిదాకా తిప్పితే ఆటో, కూరగాయల బండి, బర్రెలు, టోపీ పెట్టుకున్న మనిషి, బురఖా వేసుకున్న మనిషి అన్నీ దూరం నుంచే అలవాటవుతాయి. వినాయక చవితి డప్పులు, దీపావళి టపాకాయలు వచ్చేసరికి కాస్త ధైర్యం వస్తుంది.

వీధి అంటే గుర్తొచ్చింది. మీ పక్కింట్లో ముస్లింలు ఉంటే ముందుగానే ఒక మాట చెప్పి ఉంచండి. నమాజుకు వెళ్లే బట్టలకు కుక్క ఎంగిలి తగలకూడదని చాలామంది పాటిస్తారు. మీ అత్తగారి మడి ఎలాంటిదో అదీ అలాంటిదే. వాళ్లు వచ్చినప్పుడు పిల్లను లోపల ఉంచితే సరిపోతుంది.

మొదటి మూడు రాత్రులు ఏడుస్తుంది. తల్లి ఒంటి వెచ్చదనం లేకుండా పడుకోవడం దానికి అదే మొదలు. మిద్దె మీదో స్నానాల గది పక్కనో ఒంటరిగా వదిలేస్తే ఏడుపు మానదు. మీ మంచం పక్కన అట్టపెట్టెలో పాత నూలుచీర మడిచి వేసి పడుకోబెట్టండి. ఏడిస్తే చెయ్యి కిందికి వేలాడేసి వాసన చూపిస్తే చాలు. రాత్రి రెండింటికి ఒకసారి బయటికి తీసుకెళ్లాలి. ఆ వంతు ఎవరిదో ఇప్పుడే రాసుకోండి. ‘నేను లేస్తాను’ అని బాబు అంటాడు, లేవడు. పదకొండేళ్లవాడిని నమ్మి ఈ పని అప్పగించవద్దు.

పాపకు మూడు మాటలు నేర్పండి. తినేటప్పుడు తాకకూడదు. నిద్రపోతుంటే లేపకూడదు. ఎత్తుకోవాలంటే నేల మీద కూర్చోవాలి. ఇన్ని చెప్పినా పంటి గీతలు పడతాయి. మనింటి పిల్లే కదా అని ఊరుకోకండి. నెత్తురు వచ్చినా, తోలు గీరుకుపోయినా కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపుగా ఎవరూ బతకరు. వెంటనే కడగడం, ఆసుపత్రిలో చెప్పిన సూదులన్నీ వేయించడమే దారి.

ఇక సామాన్లు. నీళ్లకు బరువైన మట్టి తొట్టి ఒకటి, అది బోర్లాపడదు, నీళ్లు చల్లగా ఉంటాయి. తిండికి ఒక స్టీలు గిన్నె, మెత్తటి మెడపట్టీ, నూలు తాడు, కొరకడానికి గట్టి రబ్బరు బొమ్మలు రెండు. పరుపులు, బట్టలు, సబ్బులు, అత్తర్లు అని దుకాణంలో చూపించేవన్నీ అక్కడే వదిలేసి రండి. ఆ డబ్బు టీకాలకు పనికొస్తుంది.

పేరు పిల్లలు ఈపాటికి పెట్టేసే ఉంటారు. అది అత్తగారి నోటికి తిరుగుతుందో లేదో ఒకసారి ఆమె చేత పిలిపించి చూడండి. పగలంతా పిలవాల్సింది ఆవిడే.